విద్యార్థి ఎంత నేర్చాడు? టీచరు ఎంత నేర్పారు?

మార్చి నెలాఖరుకు మన విద్యాలయాల్లో మార్కుల లెక్క రెండు రకాలుగా జరుగుతుంది. మొదటిది పిల్లల లెక్క. అది ప్రోగ్రెస్ కార్డు మీద ఇంటికి వస్తుంది, అందరూ చూస్తారు. రెండోది టీచర్ల లెక్క. ఏ సబ్జెక్టులో ఏ సెక్షన్‌కు ఎంత శాతం వచ్చింది, ఆ సెక్షన్‌కు పాఠం చెప్పింది ఎవరు, పోయిన ఏటి కంటే ఫలితం పెరిగిందా తగ్గిందా అన్నవి ఒక పట్టికలోకి ఎక్కుతాయి. అక్కడి నుంచి టీచరు వార్షిక పనితీరు నివేదికలోకి వెళతాయి. దాన్ని అందరం ఏపార్ అంటాం. (పిల్లలకు ఇప్పుడు అపార్ నంబరు వచ్చింది. ఈ రెండు మాటలతో స్టాఫ్ రూములో రోజూ తికమకే.)

ఈ రెండో లెక్క గురించి తల్లిదండ్రులకు గానీ పిల్లలకు గానీ ఎవరూ విడమరచి చెప్పరు. చెప్పాలని మేము అనుకుంటున్నాం. టీచరును దేనితో కొలుస్తారో, క్లాసులో టీచరు చూపు ఏ పిల్లల మీద నిలుస్తుందో, ఈ రెంటికీ చాలా దగ్గర సంబంధం ఉంది.

ఏపార్‌లో మొదటి భాగం టీచరే నింపాలి. ఏడాదిలో ఏమేం చేశారో, ఏ ఫలితాలు వచ్చాయో స్వయంగా రాసుకోవాలి. తరువాత ప్రిన్సిపల్ తన అభిప్రాయం రాసి అంకెలు వేస్తారు, ఆ పైన మరో అధికారి సమీక్షిస్తారు. చివరికి తేలేది 10కి ఎన్ని అన్న ఒక అంకె. పదోన్నతి అయినా సీనియర్ స్కేల్ అయినా ఆ అంకెలనే చూస్తుంది. ఒకప్పుడు ఈ నివేదిక రహస్యంగా ఉండేది. 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీం కోర్టు తీర్పు వచ్చింది. మరుసటి ఏడాది కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వులిచ్చి, నివేదికను పూర్తిగా ఉద్యోగికి చూపాలని, అభ్యంతరం ఉంటే చెప్పుకోనివ్వాలని ఆదేశించింది. కనుక ఇప్పుడు టీచరుకు తన అంకె తెలుస్తుంది. ఆ అంకె వెనుక ఉన్న పిల్లల అంకెల సంగతే కొంచెం తరచి చూడాలి.

బోర్డు తరగతుల్లో మేము వాడే కొలత పేరు పెర్ఫార్మెన్స్ ఇండెక్స్, క్లుప్తంగా పీఐ. ఒక్కో విద్యార్థికి వచ్చిన గ్రేడుకు ఒక విలువ ఉంటుంది. ఎ-1కి 8, ఎ-2కి 7, బి-1కి 6, ఇలా దిగుతూ డి-2కి 1, తప్పితే 0. విలువలన్నీ కూడి, అందరికీ ఎ-1 వస్తే ఎంతయ్యేదో దానితో భాగించి, 100తో హెచ్చిస్తారు. 40 మంది ఉన్న ఒక సెక్షన్‌లో పదేసి మందికి ఎ-1, ఎ-2, బి-1, అయిదేసి మందికి బి-2, సి-1 వచ్చాయనుకుందాం. మొత్తం 255. దాన్ని 320తో భాగిస్తే పీఐ 79.7. పక్క సెక్షన్‌లోనూ 40 మందే. అక్కడ ఎ-1 ఒక్కరికి, ఎ-2 ఇద్దరికి, బి-1 నలుగురికి, బి-2 ఏడుగురికి, సి-1, సి-2 తొమ్మిదేసి మందికి, డి-1 ఆరుగురికి, డి-2 ఇద్దరికి వచ్చాయి. మొత్తం 158, పీఐ 49.4. పట్టికలో చూస్తే మొదటి టీచరు ఎంతో ముందున్నారు.

కానీ మొదటి సెక్షన్ పిల్లలు తొమ్మిదో తరగతి నుంచే తొంభైలు తెచ్చుకుంటున్నవారు కావచ్చు. రెండో సెక్షన్‌లో సగం మంది తొమ్మిదిలో గట్టెక్కిందే అంతంత మాత్రంగా కావచ్చు. పీఐ చేరిన చోటునే చెబుతుంది. బయలుదేరిన చోటు దానికి తెలియదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. సిబిఎస్‌ఇ గ్రేడ్లు మార్కుల స్లాబులు కావు. ఒక సబ్జెక్టులో పాసైన వారందరినీ మార్కుల వరుసలో ఉంచి ఎనిమిది భాగాలు చేస్తారు. పై ఎనిమిదో వంతుకు ఎ-1, తరువాతి ఎనిమిదో వంతుకు ఎ-2, అలా కిందికి. అంటే దేశం మొత్తం మీద పాసైన పిల్లల సగటు పీఐ ఏ ఏడాదైనా 56 చుట్టుపక్కలే తిరుగుతుంది. 8 నుంచి 1 వరకు అంకెల సగటు 4.5, దాన్ని 8తో భాగిస్తే వచ్చేది అదే. దేశంలోని లెక్కల టీచర్లందరూ వచ్చే ఏడాది రెట్టింపు బాగా చెప్పినా ఆ సగటు కదలదు. పోల్చడానికి ఇది మంచి కొలతే. నేర్పినదాన్ని కొలవడానికి మాత్రం దీనికి శక్తి చాలదు.

బయలుదేరిన చోటు నుంచి కొలవడం

దీనికి విరుగుడుగా వచ్చిన ఆలోచనే అభ్యసన లక్ష్యాలు. ఏడాది మొదట్లో టీచరు తన క్లాసును పరీక్షించి, ఎవరు ఎక్కడున్నారో చూసుకుని, ఏడాది చివరికి ఎవరిని ఎక్కడికి తీసుకెళ్ళదలిచారో ముందే రాసి పెడతారు. చివర్లో ఆ రాసినదానితో సరిచూస్తారు. మాట చిన్నదే. రాయడం కూర్చుంటే తెలుస్తుంది అందులోని కష్టం.

'ఆరో తరగతి పిల్లలకు భిన్నాల మీద అవగాహన పెంచుతాను' అని రాస్తే అది కోరికే తప్ప లక్ష్యం కాదు. పెరిగిందో లేదో ఎవరు చెప్పగలరు? '80 శాతం మంది పాసవుతారు' అన్నది కొలవగలిగేదే. కాని ఏప్రిల్‌లోనే 75 శాతం మంది పాసయ్యే స్థితిలో ఉంటే అది లక్ష్యమే కాదు, 30 శాతం మందే ఉంటే అది గొప్ప సాహసం. మొదలు తెలియకుండా ఆ 80కి అర్థం లేదు.

మరి ఎలా ఉండాలి? ఒక నమూనా చెబుతాం. అంకెలు ఊహించినవే. ఆరో తరగతిలో 40 మంది. హారాలు వేరుగా ఉన్న భిన్నాలను పోల్చడం, కూడడం, తీసివేయడం మీద 20 మార్కుల ప్రవేశ పరీక్ష పెట్టాం. 12 మందికి ఆరు లేదా అంతకు తక్కువ వచ్చాయి. 18 మందికి ఏడు నుంచి పదమూడు దాకా. మిగతా 10 మందికి పద్నాలుగు, ఆ పైన. కాగితాలు తిప్పి చూస్తే మొదటి 12 మందిలో చాలామంది మూడింట ఒకటి కంటే నాలుగింట ఒకటి పెద్దదని రాశారు. మూడు కంటే నాలుగు పెద్దది కదా మరి! వీళ్ళకు కావలసింది కూడికల సాధన కాదు. రొట్టెను ముక్కలు చేసి చూపించడం, కాగితం మడతపెట్టించడం. ఆ సంగతి తేలాకే లక్ష్యం రాయాలి. డిసెంబరు చివరికి మొదటి 12 మందిలో కనీసం 9 మంది 10 మార్కులు దాటాలి. 18 మందిలో 15 మంది 15 దాటాలి. పై 10 మందిలో 9 మంది 18 చేరాలి, పైగా భిన్నాలతో ఒక మాటల లెక్కను స్వయంగా తయారు చేసి ఇంకొకరి చేత చేయించగలగాలి. ముగింపు పరీక్ష ప్రవేశ పరీక్షలాంటిదే, లెక్కలు వేరు. ప్రశ్నపత్రం ఇచ్చేది పక్క సెక్షన్ టీచరు.

ఇలా గుంపులుగా రాయడంలోనే అసలు కిటుకు ఉంది. క్లాసు మొత్తానికి ఒకే గీత గీసి 'ఇంతమంది దీన్ని దాటాలి' అంటే, టీచరు ఎంత మంచివారైనా చూపు గీతకు కాస్త కింద ఉన్న అయిదారుగురి మీదకే పోతుంది. వాళ్ళను కొంచెం తోస్తే చాలు, లెక్క కుదురుతుంది. బాగా వెనుకబడిన పిల్లవాడి మీద ఏడాదంతా కష్టపడి రెండు నుంచి తొమ్మిదికి తెచ్చినా గీత పది దగ్గర ఉంటే ఆ కష్టం పట్టికలో సున్నా. ఇప్పటికే పదిహేను వస్తున్న అమ్మాయికి ఇంకేమీ నేర్పకపోయినా అడిగేవారు లేరు. కొలత మారితే టీచరు మనసు మారుతుందని మేము అనడం లేదు. ఖాళీ పీరియడు దొరికినప్పుడు ఎవరిని పిలిచి కూర్చోబెట్టుకుంటామన్నది మాత్రం కచ్చితంగా మారుతుంది.

కొన్నిచోట్ల 'సగం దూరం' సూత్రం వాడతారు. పిల్లవాడు నూటికి ఎంత దూరంలో ఉన్నాడో అందులో సగం తగ్గించాలి. 30 వచ్చినవాడు 65కు, 60 వచ్చినవాడు 80కి, 90 వచ్చినవాడు 95కు. చూడడానికి న్యాయంగానే ఉంటుంది. కాని అందరికంటే వెనుకబడినవాడే అందరికంటే ఎక్కువ దూరం నడవాలని అది అడుగుతుంది. నడవడానికి మాకు ఇచ్చే కాలం మాత్రం అందరికీ ఒకటే. సూత్రం పెట్టుకుంటే లక్ష్యాలు త్వరగా రాసేయవచ్చు. పిల్లవాడి కాగితం చూసి రాసిన లక్ష్యానికి అది సాటి రాదని మా అభిప్రాయం.

పాత అనుభవాలు

పిల్లల ఫలితాన్ని టీచరుకు ముడిపెట్టడం నిన్న మొన్నటి ఆలోచన కాదు. ఇంగ్లండులో 1862లో రాబర్ట్ లో తెచ్చిన సవరించిన కోడ్ ప్రకారం, బడికి వచ్చే గ్రాంటులో పెద్ద భాగం పిల్లల పరీక్ష మీద ఆధారపడేది. ఇన్‌స్పెక్టరు వచ్చి చదవడం, రాయడం, లెక్కలు పరీక్షించేవాడు. పిల్లవాడు ఒక్కో దానిలో తప్పితే గ్రాంటులో రెండు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు కోత. అందుకోసం చదువును ఆరు స్టాండర్డులుగా విభజించారు. మన తాతలు 'ఫిఫ్త్ స్టాండర్డ్ దాకా చదివాను' అనేవారే, ఆ మాటలో ఉన్నది ఆ కాలపు మెట్లే. తరువాత ఇలాంటి రిజల్ట్ గ్రాంట్లు మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చాయి.

ఏమైంది? ఏడాదంతా ఒకే వాచకాన్ని వల్లె వేయించడం మొదలైంది. ఇన్‌స్పెక్టరు ఏ పేజీ తీసినా పిల్లలు గడగడా చదివేవారు, పుస్తకం వైపు చూడకుండానే. కవిగా పేరున్న మాథ్యూ ఆర్నాల్డ్ ఆ రోజుల్లో స్కూలు ఇన్‌స్పెక్టరే. పుస్తకం కంఠతా వచ్చిన పిల్లవాడు చదవడం రాకుండానే చదువు పరీక్ష నెగ్గుతున్నాడని తన నివేదికల్లో పదేపదే విమర్శించాడు. 1890లలో ఆ పద్ధతి అక్కడ మెల్లగా తొలగిపోయింది.

ఇక అమెరికా. కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ నగరంలో 1999లో ఒక ప్రయోగం మొదలైంది. టీచరే తన క్లాసుకు రెండు లక్ష్యాలు రాసి, ప్రిన్సిపల్‌తో కూర్చుని ఒప్పుకుని, సాధిస్తే కొంత అదనపు జీతం తీసుకునేవారు. నాలుగేళ్ళ తరువాత పరిశీలిస్తే, లక్ష్యాన్ని శ్రద్ధగా, స్పష్టంగా రాసిన టీచర్ల పిల్లలు మెరుగ్గా ఉన్నట్టు కనిపించింది. లక్ష్యం రాయడానికి కూర్చున్న టీచరు తన పిల్లల కాగితాలను మామూలు కంటే జాగ్రత్తగా చూస్తారు. ఆ చూడడమే సగం పని చేసి ఉండాలి. 2009 తరువాత కేంద్రం నిధులు ఎరగా చూపడంతో చాలా రాష్ట్రాలు ఈ పద్ధతిని టీచర్ల మదింపులోకి హడావిడిగా తెచ్చాయి. 2015లో వచ్చిన కొత్త విద్యా చట్టం ఆ ఒత్తిడిని తీసేసింది. మొదలైన డెన్వర్‌లోనే, లక్ష్యాల చుట్టూ పెరిగిన జీతాల పద్ధతి అర్థం కావడం లేదని, నిలకడ లేదని 2019 ఫిబ్రవరిలో టీచర్లు సమ్మె చేశారు.

అదే దేశంలో అట్లాంటా నగరం కథ ఇంకా చేదు. మార్కులు పెరగకపోతే ఉద్యోగానికే ముప్పు అన్న భయం వల్ల అక్కడ టీచర్లు, ప్రిన్సిపళ్ళు పిల్లల జవాబు పత్రాలను దిద్దారు. 2011లో వెలువడిన రాష్ట్ర విచారణ నివేదిక 44 పాఠశాలల్లో 178 మందిని తప్పుపట్టింది. 2015లో 11 మందికి శిక్షలు పడ్డాయి. అక్కడ నష్టపోయింది ఎవరంటే, చదవడం రాకపోయినా 'వచ్చింది' అని రికార్డులో ఎక్కిన పిల్లలు. వాళ్ళకు అందవలసిన ప్రత్యేక తరగతులు అందలేదు. కాగితం మీద వాళ్ళకు ఆ అవసరమే లేదు మరి.

మన గడ్డ మీద జరిగిన ప్రయోగం ఒకటి ఉంది. దాని గురించి మన టీచర్లలోనే చాలామందికి తెలియదు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని పల్లెటూరి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో అది మొదలైంది. రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి చేశాయి. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దాన్ని అధ్యయనం చేసి 2011లో ప్రచురించారు. లాటరీ పద్ధతిలో వంద బడుల్లో ఒక్కో టీచరుకు విడివిడిగా, మరో వంద బడుల్లో టీచర్లందరికీ కలిపి బోనస్ ప్రకటించారు. ఇంకో వంద బడులను పోల్చడానికి ఉన్నవి ఉన్నట్టు ఉంచారు. పిల్లల సగటు మార్కులు పోయిన ఏటి కంటే 5 శాతం పాయింట్లు దాటి పెరిగితే, పైన పెరిగిన ఒక్కో పాయింటుకు 500 రూపాయలు. పరీక్షించిన సబ్జెక్టులు రెండే: లెక్కలు, తెలుగు. పరీక్ష పెట్టింది ఆ బడి టీచర్లు కాదు, బయటివారు.

రెండేళ్ళు గడిచేసరికి బోనస్ ఉన్న బడుల పిల్లలు రెండు సబ్జెక్టుల్లోనూ ముందున్నారు. లెక్కల్లో ఆ తేడా ఎంతంటే, వంద మందిని మార్కుల వరుసలో నిలబెడితే కింది నుంచి 50వ చోట ఉండే పిల్లవాడు 60వ చోటికి వచ్చినంత. తెలుగులో అంతకంటే కొంచెం తక్కువ. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా మెరుగుపడ్డారు. బట్టీ ప్రశ్నల్లోనే కాక, ఆలోచించి రాయవలసిన వాటిలోనూ మెరుగుపడ్డారు. విచిత్రం ఏమిటంటే, టీచర్ల హాజరు పెరగలేదు. వచ్చిన రోజుల్లోనే ఎక్కువ పని జరిగింది. ఇంటిపని ఎక్కువ ఇచ్చారు, బడి వేళలు దాటాక చెప్పారు, వెనుకబడినవారిని ప్రత్యేకంగా చూశారు. బోనస్ చూస్తే సగటున ఏడాది జీతంలో మూడు శాతం లోపుగానో అటూ ఇటుగానో ఉండేది.

ఇక్కడ మేము గమనించవలసినవి అనుకునేవి మూడు నాలుగు. లెక్క పెట్టింది పెరుగుదలను. అదీ అందరి పిల్లల సగటును. అంటే చివరి బెంచీ పిల్లవాడు పెంచుకున్న అయిదు మార్కులూ, మొదటి బెంచీ అమ్మాయి పెంచుకున్న అయిదు మార్కులూ టీచరుకు సమానమే. ఒక గీత, గీత కింది అయిదారుగురు అన్న బాధ లేదు. పరీక్ష బయటివారి చేతిలో ఉంది. సాధించకపోతే ఎవరి జీతమూ తగ్గలేదు, సర్వీసు రికార్డులో నల్లచుక్క పడలేదు. ఈ నాలుగూ లేకుండా పేరు మాత్రం తెచ్చుకుంటే వచ్చేది డెన్వర్ కాదు, అట్లాంటా.

మన బడులకు వచ్చేసరికి

మన దగ్గర కొలిచే లక్ష్యాలకు పునాది ఇప్పటికే ఉంది. ఎన్‌సిఇఆర్‌టి 2017లో ఎనిమిదో తరగతి వరకు, తరగతివారీగా సబ్జెక్టువారీగా అభ్యసన ఫలితాలను ప్రకటించింది. 2021 జూలైలో మొదలైన నిపుణ్ భారత్ మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లవాడు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని, 9999 దాకా సంఖ్యలు చదవడం, రాయడం రావాలని చెప్పింది. ఇంతకంటే స్పష్టంగా కొలవగలిగే లక్ష్యం ఏముంటుంది?

తెలుగు చెప్పేవాళ్ళుగా మాకు అక్కడే ఒక చిక్కు కనబడింది. హిందీలో 'మైఁ నహీఁ జా సకా' అంటే నాలుగు పదాలు. తెలుగులో 'వెళ్ళలేకపోయాను' ఒకే పదం. అక్షరాలు లెక్కపెడితే హిందీకి ఆరు, తెలుగుకు ఏడు. 'ఘర్ మేఁ' రెండు పదాలు, 'ఇంట్లో' ఒక్కటి. విభక్తులు మాటకు అతుక్కుని, సంధులు కలిసిపోయి, కింద ఒత్తులు చేరి మన పదం బరువుగా ఉంటుంది. నిమిషానికి 60 తెలుగు పదాలు చదివే పిల్లవాడు, 60 హిందీ పదాలు చదివేవాడి కంటే చాలా ఎక్కువ చదువుతున్నాడు. ఇద్దరినీ ఒకే అంకెతో కొలిస్తే తెలుగు టీచరు ఊరికే వెనుకబడతారు. ఈ సంగతి పైవారికీ తెలుసు. అందుకే 2022లో జరిగిన జాతీయ పునాది అభ్యసన అధ్యయనంలో 20 భాషల్లో పిల్లల చేత చదివించి, భాషకు ఒక ప్రమాణం విడిగా కట్టారు.

పదాల వేగం అటుంచితే, మా తెలుగు క్లాసులో మొదలు అన్నదే ఒకటిగా ఉండదు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలోనో భిలాయి ఉక్కు నగరంలోనో పెరిగి వచ్చిన తెలుగు పిల్లవాడు ఇంట్లో గలగలా మాట్లాడతాడు, అక్షరం మాత్రం రాయలేడు. పక్కనే కూర్చున్న బీహారు అమ్మాయికి మాట రాదు, గుండ్రంగా అక్షరాలు దిద్దుతుంది, డిక్టేషన్‌లో పదికి తొమ్మిది. రాత పరీక్ష ఒక్కటే పెడితే ఆ అమ్మాయికి తెలుగు వచ్చినట్టు, ఈ అబ్బాయికి రానట్టు. ఇద్దరికీ ఒకే లక్ష్యం రాయడం కుదరదు. ఒకరికి చదవడం రాయడం, ఇంకొకరికి వినడం మాట్లాడడం.

బదిలీల సంగతి మన విద్యాలయాల ప్రత్యేక సమస్య. ఏప్రిల్‌లో ప్రవేశ పరీక్ష రాసిన 40 మందిలో డిసెంబరుకు నలుగురు తండ్రుల బదిలీలతో వెళ్ళిపోతారు, కొత్తగా అయిదుగురు వస్తారు. కొన్నిసార్లు టీచరే బదిలీ అవుతారు. రెండు పరీక్షలూ రాసిన పిల్లలనే లెక్కలోకి తీసుకోవడం తప్ప దారి లేదు. మధ్యలో వచ్చినవారికి వచ్చిన వారంలోనే చిన్న పరీక్ష పెట్టి విడిగా రాసుకోవాలి. లేకపోతే ఆ అయిదుగురు ఎవరి లెక్కలోనూ లేని పిల్లలైపోతారు. కొత్త ఊరు, కొత్త స్నేహితులు, అన్నిటికంటే ఆసరా కావలసింది ఆ పిల్లలకే.

చిన్న అంకెల మాయ కూడా ఉంది. 40 మంది క్లాసులో ఒక్క పిల్లవాడు రెండున్నర శాతం. ఫలితం 80 నుంచి 82కు రావాలని లక్ష్యం రాస్తే అది ఒక పిల్లవాడి కంటే తక్కువ! పరీక్ష రోజున ఒకరికి జ్వరం వస్తే లక్ష్యం పోయింది. అలాగే, ఒక్క పరీక్షలో బాగా తక్కువ వచ్చిన పిల్లలకు రెండో పరీక్షలో ఏమీ నేర్పకపోయినా కొంత పెరుగుతుంది. మొదటి రోజు తలనొప్పితో రాసినవారు, ప్రశ్న అర్థం కానివారు అందులో ఉంటారు కనుక. దాన్ని టీచరు గొప్పగా లెక్కేయకూడదు. దీనికి మందు, మొదలును ఒక పరీక్షతో కాక రెండింటితో తేల్చడం. రాత పరీక్షతో పాటు నోటి పరీక్ష అయినా చాలు.

వేసవి సెలవులకు ముందు పరీక్షిస్తే ఒక మొదలు, సెలవులయ్యాక పరీక్షిస్తే ఇంకో మొదలు. రెండు నెలల్లో పిల్లలు మరిచిపోయేది తక్కువేమీ కాదు. జూన్ మార్కులు మొదలుగా పెట్టుకున్నవారికి పెరుగుదల సులువుగా కనబడుతుంది. అందుకే ఎప్పుడు పరీక్షించాలన్నది టీచరు ఇష్టానికి వదలకుండా, అన్ని సెక్షన్లకూ ఒకే వారంలో జరగాలి. ప్రవేశ పరీక్ష కావాలని కష్టంగా ఇచ్చి ముగింపు పరీక్ష తేలిగ్గా ఇవ్వడం అనే చిట్కా ఎవరికీ చెప్పనక్కరలేదు. పేపర్లు సెక్షన్ల మధ్య మార్చుకుంటే అదీ పోతుంది.

క్రీడలు, సంగీతం, చిత్రలేఖనం, లైబ్రరీ చూసే మా సహోద్యోగులు అడిగే ప్రశ్న ఒకటే: మా పనిని దేనితో కొలుస్తారు? వ్యాయామ టీచరుకు కొంత సులువు, పరుగు వేగం సెకన్లలో తెలుస్తుంది. పాట నేర్పేవారికి, లైబ్రరీలో పుస్తకం మీద ఇష్టం పుట్టించేవారికి బలవంతంగా అంకె తగిలిస్తే చివరికి మిగిలేది 'తీసుకున్న పుస్తకాల సంఖ్య'. తీసుకున్న పుస్తకం చదివారో లేదో అది చెప్పదు. ఇలాంటి చోట పిల్లల పనిని చూసి, విని, ఇద్దరు ముగ్గురు కూర్చుని మాటల్లో రాయడమే మేలు.

ఇన్ని చిక్కులున్నా అభ్యసన లక్ష్యాలు వద్దని మేము అనడం లేదు. పీఐ ఒక్కటే ఉన్న చోట ఇవి ఉండడం మంచిది. అయితే అంకె నేరుగా ఏపార్‌లోకి దూకకూడదు. లక్ష్యం ఎంత ఆలోచించి రాశారు, సెప్టెంబరు హాఫ్ ఇయర్లీ తరువాత కాగితాలు చూసి ఏం మార్చుకున్నారు, అనుకున్నది జరగనప్పుడు కారణం కనిపెట్టారా అన్నవి ప్రిన్సిపల్, టీచరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి. మాట్లాడుకున్నాక పడే అంకెకు అర్థం ఉంటుంది. తేలికైన లక్ష్యం రాసి నూటికి నూరు సాధించిన టీచరు కంటే, కష్టమైనది రాసి మూడొంతులు సాధించిన టీచరుకు తక్కువ పడితే, మరుసటి ఏడాది అందరూ తేలికైనవే రాస్తారు.

తల్లిదండ్రులకు ఇందులో చేయగలిగింది ఒకటుంది. పేరెంట్స్ మీటింగులో సాధారణంగా అడిగేది 'మా వాడికి ఎన్ని వచ్చాయి, ర్యాంకు ఎంత' అని. దాని బదులు 'సెషన్ మొదట్లో ఏది రాలేదు, ఇప్పుడు అందులో ఏది వచ్చింది' అని అడగండి. ప్రవేశ పరీక్షకు ప్రోగ్రెస్ కార్డులో మార్కులుండవు, దానికోసం ట్యూషన్ పెట్టించనక్కరలేదు. పిల్లలకు వచ్చినదే రాయనివ్వండి. రానిది ఖాళీగా వదిలేసినా ఫరవాలేదు, మాకు ఆ ఖాళీలే కావాలి. ఆ కాగితాలు సెషన్ పూర్తయ్యేదాకా క్లాస్ టీచరు అల్మరాలో ఉంటాయి. అడిగితే ముగింపు పరీక్ష కాగితం పక్కన పెట్టి చూపిస్తారు.